పుస్తకాలు అమ్ముడుపోని కథకుడికి వేరే రాబడి ఉందా?

ఒక నవల, ఒక కథాసంపుటి వేశానని, 500 ప్రతుల్లో సగం ఇంకా మంచం కిందే ఉన్నాయని రాశారు. చిత్తూరులో ఉద్యోగం చేసుకుంటూ రాత మీద నెలకు ఎంతో కొంత సంపాదించే మార్గం ఉందా అని అడిగారు. ఉంది. తిరుపతిలో నేను పదకొండేళ్లుగా ఆ డబ్బుతోనే ఇంటి ఖర్చులో కొంత సర్దుకుంటున్నాను. కాకపోతే అది మీరు చూస్తున్న వైపు నుంచి రాదు.

పోయిన సంవత్సరం లెక్క ఉన్నది ఉన్నట్టు చెబుతాను. రాత మీద నాకు వచ్చింది 1,74,000 రూపాయలు. అందులో నా పుస్తకాల అమ్మకం 9,000. పత్రికల్లో వచ్చిన కథలు, రేడియో నాటికలు కలిపి 11,500. ఒక జీవిత చరిత్ర రాసిపెట్టినందుకు 60,000, అనువాదాలకు 50,000, ప్రూఫులు దిద్దినందుకు 27,500, వేసవి సెలవుల్లో మా మిద్దె మీద పిల్లలకు కథలు రాయడం నేర్పినందుకు 16,000. అంటే నా పేరుతో వచ్చిన రాతలకు దక్కింది ఎనిమిదో వంతు కూడా లేదు. మొదట్లో దీనికి మనసు చివుక్కుమనేది. ఇప్పుడు అలవాటైపోయింది.

అందరికంటే బాగా డబ్బిచ్చేది జీవిత చరిత్రలు రాయించుకునే పెద్దవాళ్లు. దామలచెరువులో మామిడి మండీ నడిపిన ఒక పెద్దాయనకు సహస్ర చంద్ర దర్శనం చేయాలని పిల్లలు తలపెట్టారు. వచ్చిన బంధువులకు తాంబూలంతో పాటు ఆయన జీవితకథ పుస్తకంగా ఇవ్వాలని వాళ్ల కోరిక. "నేను చెబుతాను, నువ్వు రాసుకో నాయనా" అన్నారాయన. మూడు రోజులు చెప్పారు. పుట్టిన తేదీ, చదివిన బడి, బాగు చేయించిన గుడి, కట్టించిన నీళ్ల ట్యాంకు. పనికొచ్చే వాక్యం ఒక్కటి లేదు.

నాలుగో రోజు ఆయనతో పాటు మండీకి వెళ్లాను. జూన్ నెల. తోతాపురి కాయలు గుజ్జు ఫ్యాక్టరీలకు వెళ్లే కాలం. ఒక రైతు ట్రాక్టరు దిగి వచ్చి ధర అడిగాడు, విన్నాడు, తువ్వాలు భుజం మీద వేసుకుని ఏమీ మాట్లాడకుండా వెళ్లిపోయాడు. పెద్దాయన అతను వెళ్లిన వైపే చాలాసేపు చూశారు. తన చిన్నతనంలో ఒక ఏడాది కోత కూలి కూడా గిట్టుబాటు కాక, వాళ్ల నాన్న బండెడు కాయలు రోడ్డు పక్కన గుమ్మరించి ఖాళీ బండితో ఇంటికి తిరిగి వచ్చాడట. బండి వెనక కాళ్లు వేలాడేసుకుని కూర్చున్నది ఈయనే. ధర అడిగే చోట నిలబడకూడదు, చెప్పే చోట కూర్చోవాలి అని ఆ రోజే అనుకున్నానన్నారు. సాయంత్రం ఇంట్లో నేను రాసుకున్నది చదివి వినిపిస్తుంటే లోపలి నుంచి ఆయన భార్య అందుకున్నారు: "ఆ బండి మనది కూడా కాదు, బాడుగ బండి. ఆ బాడుగ మామ మరుసటి ఏడాది కట్టాడని అత్త చెప్పేది." పెద్దాయనకే ఆ సంగతి తెలియదు. పుస్తకం ఆ బాడుగ బండితోనే మొదలైంది.

ఈ పనిలో మీకు ఇచ్చే డబ్బు అలాంటి చోటు పట్టుకున్నందుకే. డబ్బు మూడు విడతలుగా తీసుకోండి. నేను మొదలుపెట్టే ముందు 20,000, రాతప్రతి ఇచ్చినప్పుడు 20,000, అచ్చుకు వెళ్లే ముందు 20,000 తీసుకున్నాను. అచ్చు ఖర్చు వాళ్లదే. మార్పులు రెండు సార్లే చేస్తానని ముందే కాగితం మీద పెట్టండి. ఆ తెలివి లేక మొదటి జీవిత చరిత్రను ఏడు సార్లు తిరగరాశాను. తండ్రి తన తమ్ముడితో పొలం తగాదా గురించి చెప్పాడు, కొడుకు తీసేయమన్నాడు, తండ్రి మళ్లీ పెట్టమన్నాడు! పని ఎలా దొరుకుతుందంటారా? మొదటిది మా వీధిలోని విశ్రాంత ప్రధానోపాధ్యాయుడికి ఊరికే రాసిపెట్టాను. ఆయన 120 ప్రతులు పంచారు. అందులోంచి రెండు ఫోన్లు వచ్చాయి.

అనువాదం విషయంలో మన ఉమ్మడి చిత్తూరు జిల్లావాళ్లకు పుట్టుకతో వచ్చిన ఆస్తి ఒకటుంది. మా అమ్మ పుట్టిల్లు తిరుత్తణి. 1960 వరకు అది మన చిత్తూరు జిల్లాలోనే ఉండేది. ఇంట్లో తమిళం చెవిన పడుతూనే ఉండేది గానీ లిపి రాదు. ముప్ఫై ఏళ్లు దాటాక బస్సుల బోర్డులు చదువుతూ నేర్చుకున్నాను. మీకు తమిళం వస్తే దాన్ని దాచుకోకండి. కుప్పం వైపు వాళ్లయితే కన్నడం కూడా. సాహిత్య అకాడమీ, నేషనల్ బుక్ ట్రస్ట్ వంటి సంస్థలు భారతీయ భాషల మధ్య అనువాదాలు ప్రచురిస్తాయి. అక్కడ పని నింపాదిగా సాగుతుంది, పుస్తకం మీద పేరు ఉంటుంది. ప్రైవేటు పనుల్లో పేరు ఉండకపోవచ్చు. ఒక్క జాగ్రత్త: పదానికి ఇంత అని మాట్లాడుకునేటప్పుడు మూలంలో పదాలా, తెలుగులో పదాలా అని అడగండి. ఇంగ్లీషులో మూడు నాలుగు మాటలుగా ఉన్నది తెలుగులో ఒకే మాటగా అతుక్కుపోతుంది. తెలుగు లెక్కకు ఒప్పుకుంటే కష్టం అంతే, కూలి తక్కువ.

ప్రూఫుల పని విసుగే కానీ ఎప్పుడూ ఉంటుంది. శ్రీవేంకటేశ్వర విశ్వవిద్యాలయం, పద్మావతి మహిళా విశ్వవిద్యాలయం ఉన్న ఊరు కాబట్టి తెలుగు సిద్ధాంత గ్రంథాలు (పీహెచ్‌డీ కోసం రాసేవి) వస్తూనే ఉంటాయి. యూనికోడ్‌లో కొట్టిన పాఠాన్ని డీటీపీ వాళ్లు అచ్చు పనికి వాడే అను ఫాంట్లలోకి మార్చగానే ఒత్తులు ఊడిపోతాయి, క్షకారాలు చెదిరిపోతాయి. వాటిని మళ్లీ అతికించడమే మన పని. నాలుగు డీటీపీ కేంద్రాల్లో మీ నంబరు ఇచ్చి ఉంచండి.

ఆకాశవాణి తిరుపతి కేంద్రం ఇచ్చేది చిన్న మొత్తమే. అయినా నాటిక రాశాక నా కథల్లో సంభాషణలు సగానికి తగ్గాయి, ఆ లాభం వేరు. ప్రతిలిపి, పాకెట్ ఎఫ్ఎం వంటి ఫోన్‌లో కథలు చదివే, వినే యాప్‌లలో సీరియల్ రాసేవాళ్లు దాదాపు రోజూ భాగం ఇవ్వగలగాలి. నా వల్ల కాలేదు. నాకు తెలిసిన ఒక గృహిణి వంట ముగించి రోజూ రెండు గంటలు రాస్తుంది, నాకంటే ఎక్కువే సంపాదిస్తోంది. దేవస్థానం గ్రంథ ప్రచురణకు ఆర్థిక సహాయం చేస్తుంది కదా అని చాలామంది అడుగుతారు. అది ధార్మిక గ్రంథాలకు. మన నవలలకు వర్తించదు.

ఇక నేను చేసిన తప్పు. 2019లో ఒక ఆడియో సంస్థ నా మొదటి నవలకు 15,000 ఇస్తానంది. సంతోషంలో చదవకుండా సంతకం పెట్టాను. మూడేళ్లకు వెబ్ సిరీస్ తీస్తామని వేరే వాళ్లు వచ్చారు. కాగితం తీసి చూస్తే అన్ని మాధ్యమాల్లో, అన్ని భాషల్లో, ప్రపంచమంతటా, శాశ్వతంగా అని ఉంది. వచ్చినవాళ్లకు కాఫీ ఇచ్చి పంపించాను. మిద్దె మీది వాటాను పదకొండు నెలల అగ్రిమెంటుతో బాడుగకిచ్చే మనిషిని, నవలను ఒక్క సంతకంతో అమ్మేశాను.

1957 నాటి కాపీరైట్ చట్టంలో 19వ సెక్షన్ చదవండి, రెండు పేజీలు కూడా ఉండదు. హక్కు బదిలీ చేయాలంటే రాతపూర్వకంగా, సంతకంతో ఉండాలి. ఎంత కాలమో రాయకపోతే 5 సంవత్సరాలే. ఏ ప్రాంతానికో రాయకపోతే భారతదేశానికే. తీసుకున్నవాళ్లు ఏడాదిలోగా ఆ హక్కును వాడుకోకపోతే, ఒప్పందంలో వేరేగా లేనంతవరకు అది రద్దయినట్టే. అంటే రాయకుండా వదిలేసింది రచయితకు మేలే చేస్తుంది, ముంచేది రాసి ఉన్న 'శాశ్వతంగా' అన్న మాటే. ఇప్పుడు ఆ మాట కనిపిస్తే కొట్టేసి 'తెలుగు ఆడియో మాత్రమే, 5 సంవత్సరాలు' అని రాసి పంపుతున్నాను. ఇద్దరు ఒప్పుకున్నారు, ఒకరు మళ్లీ ఫోను చేయలేదు.

సంస్థలు ఇచ్చే డబ్బులో 10 శాతం టీడీఎస్ (ముందే పట్టుకునే ఆదాయపు పన్ను) కోస్తే కంగారు పడకండి. పాన్ నంబరు ఇవ్వండి. మీ ఆదాయానికి పన్ను పడకపోతే, రిటర్న్ వేశాక తిరిగి వస్తుంది. మీది ప్రభుత్వ ఉద్యోగమైతే ఇలాంటి పనులకు అనుమతి కావాలేమో ముందే కనుక్కోండి.

మంచం కింది పుస్తకాలను అమ్మే ప్రయత్నం మానేసి, పని అడగడానికి వెళ్లిన ప్రతి ఇంట్లో ఒకటి ఇచ్చి రండి. మండీ పెద్దాయనకు నేను మొదట ఇచ్చింది నా కథల పుస్తకమే. ఆయన తెరిచి కూడా చూడలేదు. ఆయన భార్య చదివారు. రెండో కథలో ఆవు ఈనే ఘట్టం తప్పుగా రాశావని, ఈనే ఆవు అంతసేపు పడుకునే ఉండదని వాకిట్లో నిలబెట్టి చెప్పి, ఆ తరువాతే లోపలికి పిలిచి కాఫీ ఇచ్చారు.