స్కాలర్‌షిప్ వస్తుందట, ప్రైవేటు స్కూలుకు మార్చమంటారా?

ప్రశ్న: మేము జార్జియాలో, అట్లాంటా దగ్గర ఫోర్సిత్ కౌంటీలో ఉంటాం. బాబుకు 13 ఏళ్లు, ఏడో తరగతి. ఆటిజం ఉంది, మూడో తరగతి నుంచి ఐఈపీ (వాడి అవసరాలను బట్టి స్కూలు రాసే ప్రత్యేక విద్యా ప్రణాళిక) నడుస్తోంది. స్పెషల్ నీడ్స్ స్కాలర్‌షిప్ తీసుకుని ప్రైవేటు స్కూల్లో వేయమని ఇక్కడి ఫ్రెండ్స్ అంటున్నారు. గుంటూరు నుంచి మామగారు కూడా ఎంతకాలం ఈ సర్కారు బడి అంటున్నారు. ఐఈపీ మీటింగులకు మావారికి కుదరదు, నేనే వెళ్లి సంతకం పెట్టి వస్తుంటాను. రెండిటిలో ఏది మంచిదో పోల్చి చెప్పండి. వీడు రేపు ఏమవుతాడో అని రాత్రుళ్లు నిద్ర పట్టడం లేదు.

జవాబు: అమ్మా, మీ ఉత్తరంలో అసలు ప్రశ్న ఆఖరి వాక్యమే. ఇలాంటి ఉత్తరాలు చాలా చూశాను. స్కూలు పేరు మారుతుంది, ఊరు మారుతుంది, ఆ వాక్యం మాత్రం మారదు. దాని దగ్గరికే వస్తాను. ముందు స్కాలర్‌షిప్ సంగతి.

మన ఊళ్లలో చేతిలో నాలుగు డబ్బులు ఆడగానే పిల్లల్ని సర్కారు బడి మాన్పించి ప్రైవేటులో వేస్తాం. మామగారిది ఆ లెక్కే, వారి తప్పేమీ లేదు. కానీ మీ బాబు విషయంలో ఇక్కడ ఆ లెక్క తిరగబడుతుంది. 1975లో వచ్చి, 1990 నుంచి ఐడియా అనే పేరుతో ఉన్న, వైకల్యమున్న పిల్లల చదువుకు సంబంధించిన ఫెడరల్ చట్టం పబ్లిక్ స్కూల్ డిస్ట్రిక్ట్ (ఇక్కడి సర్కారు బడులను నడిపే స్థానిక సంస్థ) మెడ మీద కూర్చుని పని చేయిస్తుంది. అవసరమైన థెరపీ, సాయం, బస్సు అన్నీ 21 ఏళ్ల వరకు పైసా తీసుకోకుండా ఇవ్వాల్సిందే. ప్రైవేటు స్కూలు మీద ఆ బరువు లేదు.

స్కాలర్‌షిప్ అనే మాటే మనల్ని బోల్తా కొట్టిస్తుంది. మనకు అది మార్కులకో, పేదరికానికో ఇచ్చే డబ్బు. ఇక్కడ అది ప్రైవేటు ఫీజు కోసం రాష్ట్రం ఇచ్చే డబ్బు, హక్కులు వదులుకున్నందుకు చేతికొచ్చేది. ఫ్లోరిడా 1999లో ఈ దారి మొదలుపెట్టింది, జార్జియా 2007లో చట్టం చేసింది. స్కాలర్‌షిప్ ఒప్పుకుంటే ఐడియా కింద వచ్చే సేవలు తల్లిదండ్రులే వద్దన్నట్టు లెక్క అని ఆ చట్టంలోనే ఉంది. బ్రోషర్లలో ఈ ముక్క పెద్ద అక్షరాల్లో వేయరు. ఇలాంటి పథకాలు చాలావాటిలో హక్కులు మారతాయన్న సంగతి తల్లిదండ్రులకు అసలు చెప్పడం లేదనో, తప్పుగా చెబుతున్నారనో అమెరికా ప్రభుత్వ ఆడిట్ సంస్థ 2017లోనే తేల్చింది.

డబ్బు సంగతీ చూడండి. పబ్లిక్ స్కూల్లో బాబు మీద అయ్యే ప్రభుత్వ ఖర్చు, ప్రైవేటు ఫీజు, ఈ రెండిటిలో ఏది తక్కువైతే అంతే ఇస్తారు. మిగతాది మీ జేబులోంచే. టీచర్‌కు స్పెషల్ ఎడ్యుకేషన్ సర్టిఫికెట్ ఉండాలన్న నియమం కూడా లేదు. ఏదో ఒక డిగ్రీ ఉన్నా చాలు. నాకు తెలిసిన ఒక కుటుంబం ఆగస్టులో సంబరంగా చేర్పించింది. నవంబరులో 'మీ అబ్బాయికి మా స్కూలు సరిపడదు' అని రెండు లైన్ల ఈమెయిల్ వచ్చింది. ఎదురడగడానికి వాళ్ల చేతిలో ఏ కాగితమూ లేదు.

ఆటిజం పిల్లల కోసమే పెట్టిన మంచి ప్రైవేటు స్కూళ్లూ ఉన్నాయి, కాదనను. అలాంటిది దొరికితే స్పీచ్ థెరపీ ఎవరు ఇస్తారు, వారానికి ఎన్ని నిమిషాలు, మధ్యలో పంపించేస్తే కట్టిన ఫీజు సంగతేంటి, ఈ మూడూ రాతపూర్వకంగా తీసుకున్నాకే అడుగు వేయండి. కుదరకపోతే తిరిగి పబ్లిక్ స్కూల్లో చేర్పించవచ్చు, డిస్ట్రిక్ట్ కాదనలేదు. ఆ టెన్షన్ పెట్టుకోకండి.

ఇప్పుడు నాకు కోపం తెప్పించిన మాటకు వస్తాను. వెళ్లి సంతకం పెట్టి రావడమేమిటమ్మా? ఒక తల్లితో పాటు నేను మీటింగులో కూర్చున్నాను. తండ్రి కారులోంచి ఫోన్లో ఉన్నాడు, ఆయన మైకు మ్యూట్‌లో ఉంది. ఆమె కాగితాల కట్టను చివరి పేజీకి తిప్పి పెన్ను అడిగింది. మధ్యలో ఒక పేజీలో స్పీచ్ థెరపీ వారానికి 60 నిమిషాల నుంచి 30కి దిగిపోయి ఉంది. స్కూలు బాగాలేదని తిట్టుకునే ముందు, ఆ కాగితం చదివామా అని మీ ఇద్దరూ ఒకరినొకరు అడగండి. మీ వారికి ఆఫీసు మీటింగులు ఎన్నో ఉంటాయి. ఇది ఏడాదికి ఒకటో రెండో.

ఆ గదిలో డిస్ట్రిక్ట్ తరఫున ఒకరు ఉంటారు. వనరులు ఇస్తామనో లేదనో చెప్పగలిగింది వారే, టీచర్ కాదు. మీరు అడిగినది కుదరదంటే కారణం రాసి ఇమ్మనండి. దాన్ని ప్రయర్ రిటెన్ నోటీస్ అంటారు, ఇవ్వకతప్పదు. ఇంగ్లిష్ ఇబ్బందైతే తెలుగు ఇంటర్‌ప్రెటర్‌ని ముందుగానే అడగండి. సిగ్గుపడే పనే కాదది.

ఇక రేపటి మాట. మీ బాబు ఏమవుతాడో నేను చెప్పలేను, మామూలు పిల్లల గురించీ చెప్పలేను. కానీ 13 ఏళ్లంటే ఆలస్యమేమీ కాలేదు. చదువు తర్వాత ఏం చేస్తాడన్న ట్రాన్సిషన్ ప్లాన్ 16 ఏళ్లకల్లా ఐఈపీలో ఉండాలని ఫెడరల్ చట్టం. అంతదాకా ఆగక్కర్లేదు, వచ్చే ఏడాదే రాయించవచ్చు. ఆటిజం అంటే కోడింగ్ అని మనవాళ్లు వేసే ముద్రను మాత్రం పక్కన పెట్టండి. నాకు తెలిసిన ఒక అబ్బాయి స్కూలు లైబ్రరీలో తోపుడు బండి మీద పుస్తకాలను నంబర్ల వరుసలో సర్దేవాడు. ఒక్కటి తప్పుగా ఉన్నా బండి ఆపేసేవాడు. ఇప్పుడు ఒక గోడౌన్లో స్టాకు చూస్తున్నాడు, జీతం తెచ్చుకుంటున్నాడు. దారి దొరికింది వాడికి నచ్చిన పనిలోంచే.

ట్రాన్సిషన్ గురించి మాట్లాడే మీటింగుకు పిల్లవాడిని కూడా పిలవాలని అదే చట్టం చెబుతోంది. కాబట్టి ముందురోజు రాత్రి పక్కన కూర్చోబెట్టుకుని, స్కూల్లో ఏ పని చేస్తుంటే టైమ్ తెలియదో అడగండి. వాడు ఏం చెబితే అది, వాడి మాటల్లోనే రాసుకుని వెళ్లండి. మీ వారిని కూడా తీసుకెళ్లండి.