రాజీనామా లేఖ కంటే ముందు రావాల్సిన పాలసీలు

ప్రశ్న: నాకు 40 ఏళ్ళు నిండాయి. రుషికొండలో ఒక ఐటీ కంపెనీలో 11 ఏళ్ళుగా పనిచేస్తున్నాను. చేతికి నెలకు 92,000 వస్తుంది. మావారికి గాజువాకలో ఎలక్ట్రికల్ సామాన్ల షాపు ఉంది, సగటున నెలకు 38,000 మిగులుతుంది. బాబు ఎనిమిదో తరగతి. అమ్మ మా దగ్గరే ఉంటుంది. ఆవిడకి 68 ఏళ్ళు, షుగరు ఉంది, రెండేళ్ళ క్రితం స్టెంట్ వేశారు. పెళ్ళప్పుడు వదిలేసుకున్న ఎంఎస్ ఇప్పుడైనా చేయాలని ఉంది. జర్మనీలో రెండేళ్ళ కోర్సుకి ఈ అక్టోబరులో చేరదామనుకుంటున్నాను. కన్సల్టెన్సీ వాళ్ళు అన్నీ కలిపి 28 లక్షలు అవుతుందన్నారు. ఉన్న ఎఫ్‌డీ 8 లక్షలు తీసేస్తాం. హోమ్ లోన్ మీద టాప్అప్ 8 లక్షలు, నగలు పెట్టి 6 లక్షలు తెస్తాం. మిగతా 6 లక్షలు తెలిసినవాళ్ళు రెండు రూపాయల వడ్డీకి ఇస్తామన్నారు. టాప్అప్ పెంచుకుని గోల్డ్ లోన్ తగ్గించుకోవడం మేలా, ఇలాగే కానిచ్చేయమంటారా?
- ఒక పాఠకురాలు, గాజువాక

జవాబు: అమ్మా, టాప్అప్‌కీ గోల్డ్ లోన్‌కీ మధ్య తేడా చూసుకుంటే ఏడాదికి కొన్ని వేలు. అప్పుల సంగతి తరవాత చెప్తాను. మీ ఉత్తరంలో ‘ఎఫ్‌డీ తీసేస్తాం’ అన్న మాట దగ్గరే నేను ఆగిపోయాను. నాలుగు పేజీలు రాశారు. కోర్సు సబ్జెక్టులు రాశారు, హాస్టల్ అద్దె రాశారు, చలికోటు ఖరీదు కూడా రాశారు. మీరు వెళ్ళాక ఇల్లు ఎలా నడుస్తుందో ఒక్క వాక్యం లేదు. నలభై దాటి చదువుకోవడానికి వెళ్దామనుకునే వాళ్ళలో నా దగ్గరికి వచ్చేవారు ఎక్కువమంది ఇదే పొరపాటు చేస్తున్నారు. మీ ప్రశ్నను ఇక్కడ తీసుకున్నది అందుకే. ఇరవై రెండేళ్ళ కుర్రాడు వెళితే వెనక అమ్మానాన్నల సంపాదన ఉంటుంది. మీరు వెళితే ఆ ఇంట్లో పెద్ద జీతమే ఆగిపోతుంది.

మీరు పంపిన ఖర్చుల కాగితం ముందు పెట్టుకుని లెక్క వేశాను. ఇంటి లోన్ వాయిదా 24,000, ఇంటి ఖర్చు 22,000, బాబు ఫీజు, ట్యూషన్ 9,000, అమ్మగారి మందులు 3,500. మొత్తం 58,500. ఇందులో పండగ లేదు, పెళ్ళి పిలుపు లేదు, బండి రిపేరు లేదు. మీవారి షాపు మీద వచ్చేది 38,000. అంటే కొత్త అప్పు ఒక్క రూపాయి చేయకపోయినా నెలకు 20,500 తక్కువ పడుతుంది. ఇప్పుడు మీరనుకున్న అప్పులు కలపండి. టాప్అప్ 8 లక్షలకు తొమ్మిది శాతం వడ్డీ, పదేళ్ళ గడువు వేసుకుంటే వాయిదా సుమారు 10,100. గోల్డ్ లోన్ వడ్డీ నెలకు 4,500 దాకా. రెండు రూపాయల వడ్డీకి తెచ్చే 6 లక్షల మీద నెలకు 12,000. అన్నీ కలిపితే నెలకు 85,100 కావాలి, వచ్చేది 38,000. లోటు 47,100. రెండేళ్ళకు 11 లక్షల 30 వేలు. కన్సల్టెన్సీ చెప్పిన 28 లక్షల్లో ఇది ఎక్కడా లేదు, మీ నాలుగు పేజీల్లోనూ లేదు.

ఆ ఎఫ్‌డీ ఇంటిది, చదువుది కాదు. అందులో 7 లక్షలు, అంటే దాదాపు ఏడాది ఇంటి ఖర్చు, అక్కడే ఉండనివ్వండి. మీవారి పేరు కలిపి, ఇద్దరిలో ఎవరు సంతకం పెట్టినా తీసుకునేలా మార్చుకోండి. జీతం వచ్చే ఇళ్ళకి నేను ఆరు నెలల ఖర్చు చాలంటాను. మీ ఇల్లు ఇకమీద షాపు మీద ఆధారపడుతుంది కాబట్టి పన్నెండు నెలలు తగ్గకూడదు. 2014 అక్టోబరు 12 మీకు గుర్తుండే ఉంటుంది. హుద్‌హుద్ తుపాను పోయాక రోజుల తరబడి కరెంటు లేదు, ఏటీఎంలు పనిచేయలేదు, పెట్రోలు బంకుల దగ్గర క్యూలు. రేకులు లేచిపోయి, సరుకు తడిసిపోయిన షాపుల వాళ్ళు ఎంతమంది నెలల తరబడి కోలుకోలేదో గాజువాకలో మీవారిని అడగండి, నాకంటే బాగా చెప్తారు. అలాంటి నెల ఒకటి వస్తే జర్మనీలో ఉన్న మీరు చేయగలిగేది ఫోన్ చేయడం ఒక్కటే. ‘అవసరమైతే పీఎఫ్ ఉందిగా’ అని చివర్లో రాశారు. ఉద్యోగం మానేశాక పీఎఫ్ మొత్తం చేతికి రావడానికి ఆగాల్సిన గడువు ఉంటుంది. ఆసుపత్రి బిల్లు ఆ గడువు దాకా ఆగదు. పైగా అది మీ వృద్ధాప్యం డబ్బు, దాన్ని వదిలేయండి.

ఇక ఆరోగ్య బీమా. కోపంగా అనిపిస్తే క్షమించండి, దీని మీద మాత్రం గట్టిగానే చెప్తాను. మీకు, మీవారికి, బాబుకి, అమ్మగారికి ఉన్నది మీ కంపెనీ ఇచ్చే గ్రూపు పాలసీ ఒక్కటే. మీ చివరి పనిదినంతో నలుగురికీ పోతుంది. రెండేళ్ళ క్రితం సీతమ్మధార నుంచి ఒకాయన ఇలాగే ఎంబీఏకి వెళ్ళారు. నాలుగో నెలలో వాళ్ళ నాన్నగారు బాత్‌రూములో జారిపడి తుంటి విరిగింది. ఆయన భార్య పర్సులోంచి పాత హెల్త్ కార్డు తీసి ఆసుపత్రి కౌంటర్ మీద పెట్టింది. అవతలి అమ్మాయి నంబరు కొట్టి చూసి, కార్డు తిరిగిచ్చి, ‘ఇది యాక్టివ్‌గా లేదండీ’ అంది. ఆ సాయంత్రం ఆవిడ చేతి గాజులు తీసుకుని బంగారం కొట్లుండే కురుపాం మార్కెట్‌కి వెళ్ళింది. ఈ సంగతి ఆవిడే నా ముందు కూర్చుని చెప్పింది. ఆయన రెండో సెమిస్టరు మధ్యలో వదిలేసి వచ్చేశారు. చదువు పోయింది, అప్పు మిగిలింది.

అమ్మగారికి షుగరు, స్టెంటు ఉన్నాయి కాబట్టి మీ పని ఇంకా కష్టం. కొత్తగా పాలసీ తీసుకుంటే ముందునుంచీ ఉన్న జబ్బులకి మూడేళ్ళ దాకా వెయిటింగ్ పీరియడ్, అంటే క్లెయిమ్ ఇవ్వని గడువు, పెట్టే వీలు కంపెనీలకి ఉంది. వచ్చే నెల తీసుకుని అక్టోబరులో విమానం ఎక్కితే, మీరు చదువు ముగించి వచ్చేదాకా ఆవిడ గుండెకి కవర్ లేనట్టే. అందుకే నా సలహా, ఈ అక్టోబరు వదిలేయండి. వచ్చే ఏడాది అక్టోబరుకి పెట్టుకోండి. అమ్మగారికి విడిగా, మీ ముగ్గురికి విడిగా ఈ నెలలోనే పాలసీలకు దరఖాస్తు చేయండి. ఒక ఏడాది వెయిటింగ్ కంపెనీ పాలసీ నీడలోనే గడిచిపోతుంది. స్టెంట్ విషయం, వాడే మందులు ఒక్కటి కూడా దాచకండి. ప్రీమియం పెంచుతామన్నా, బిల్లులో కొంత మీరు పెట్టుకోవాలన్నా ఒప్పుకోండి. ఇంకో దారి కూడా తెరిచి ఉంచుకోండి. గ్రూపు పాలసీ నుంచి అదే బీమా కంపెనీలో సొంత పాలసీకి మారే వెసులుబాటు ఉంది, ఇప్పటికే గడిచిన కాలం అందులో కలిసొస్తుంది. చివరి పనిదినం కంటే చాలా ముందే హెచ్‌ఆర్ నుంచి పాత పాలసీల వివరాలు రాతపూర్వకంగా తీసుకోండి. ఎవరూ పాలసీ ఇవ్వమంటే అమ్మగారి పేరున 4 లక్షలు వైద్యానికే అని పక్కన పెట్టాలి. అది కుదిరేదాకా ప్రయాణం వద్దు. ఆవిడకి 70 నిండగానే ఆదాయంతో పని లేకుండా ఆయుష్మాన్ వయ వందన కార్డుకి అర్హత వస్తుంది, ఏడాదికి 5 లక్షల వరకు వైద్యానికి. ఆ రోజే చేయించమని మీవారికి ఇప్పుడే చెప్పి ఉంచండి.

రెండోది టర్మ్ పాలసీ, అంటే మనిషి పోతే ఇంటివాళ్ళకి డబ్బిచ్చే జీవిత బీమా. మీ పేరున ఏమీ లేదని రాశారు. ఇల్లు నడిపేది మీ జీతం, అప్పు మీ పేరున, బీమా మాత్రం లేదు! కోటి రూపాయలకు తగ్గకుండా తీసుకోండి. జీతం స్లిప్పులు చూసి కవర్ ఇస్తారు. రాజీనామా చేసి విద్యార్థి అయ్యాక ఆ కవర్ అడిగితే ఇవ్వరు. విదేశానికి చదువుకి వెళ్తున్నానని దరఖాస్తులోనే రాయండి. మీవారికి కూడా 50 లక్షలది ఒకటి. 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత జీవిత, ఆరోగ్య బీమా ప్రీమియంల మీద జీఎస్టీ తీసేశారు కాబట్టి ఖరీదు అనే సాకు కూడా కొంత తగ్గింది.

బీమా గురించే ఇంకొకటి. కన్సల్టెన్సీ ఇచ్చిన అంచనా కాగితం చూశాను. అందులో జర్మనీ ఆరోగ్య బీమా విద్యార్థి రేటుకి వేశారు. ఆ ప్రభుత్వ విద్యార్థి బీమా 30 ఏళ్ళ లోపు వాళ్ళకే. మీరు ప్రైవేటు బీమా తీసుకోవాలి. చవగ్గా దొరికే ప్రయాణ బీమాతో వీసా వచ్చినా, అక్కడ రెసిడెన్స్ పర్మిట్ పొడిగించేటప్పుడు అది చెల్లదనవచ్చు. ఎవరో కుర్రాడికి ఇచ్చిన కాగితం మీద మీ పేరు వేసి ఇచ్చారు. మీ వయసు కూడా చూడని వాళ్ళకి రెండున్నర లక్షల ఫీజు ఎందుకమ్మా? మన డిగ్రీ పత్రాలు సరిచూసి ఇచ్చే ఏపీఎస్ సర్టిఫికెట్‌కి 18,000, యూనివర్సిటీల దరఖాస్తులకి కొన్ని వందల యూరోలు. పదకొండేళ్ళు ఐటీలో పనిచేసిన మీరు ఆ ఫారాలు సొంతంగా నింపుకోగలరు. అక్కడికి 28 లక్షలు ఇరవై ఐదున్నర అవుతాయి.

అప్పుల సంగతి. రెండు రూపాయల వడ్డీ అంటే ఏడాదికి 24 శాతం. జీతం ఆపుకుంటున్న మనిషి ఆ వడ్డీకి అప్పు తేవడం ఎట్టి పరిస్థితిలోనూ వద్దు. ‘తెలిసినవాళ్ళు’ అన్నారు. మూడు నెలల వడ్డీ ఆగితే ఆ తెలిసినవాళ్ళు షాపు ముందు నిలబడేది మీవారి ఎదుట, మీ ఎదుట కాదు. నగల మీద వడ్డీతో సహా ఒకేసారి కట్టే పద్ధతిలో తీసుకుంటే గడువు ఏడాదే, మీ కోర్సు రెండేళ్ళు. వీసా కోసం బ్యాంకులో చూపించడానికి నెల రోజులు డబ్బు సర్దుతామనేవాళ్ళు కూడా తగులుతారు. అలాంటి కాగితాలతో పట్టుబడితే వీసా ఒక్కటే పోదు. యూకే లాంటి చోట్ల పదేళ్ళ దాకా నిషేధం పడుతుంది.

అప్పు తప్పదు కాబట్టి బ్యాంకు విద్యారుణం తీసుకోండి. ఇల్లు ఏ బ్యాంకులో తాకట్టు ఉందో అక్కడే ముందు అడగండి. కోర్సు నడిచినన్నాళ్ళు, ఆ పైన ఆరు నెలలో ఏడాదో వాయిదా ఉండదు. వడ్డీ మాత్రం పేరుకుంటూనే ఉంటుంది. విద్యారుణం డబ్బు విదేశానికి పంపితే టీసీఎస్, అంటే పంపేటప్పుడే బ్యాంకు వసూలు చేసే పన్ను, పట్టరు. టాప్అప్, గోల్డ్ లోన్, చేబదులు డబ్బయితే సొంత డబ్బు కిందే లెక్క, ఏడాదిలో 10 లక్షలు దాటినదాని మీద పడుతుంది. అంతా ఒకేసారి తీసుకోకండి. వీసాకి బ్లాక్‌డ్ అకౌంట్‌లో, అంటే నెలకింతని మాత్రమే తీసుకోనిచ్చే ఖాతాలో, చూపాల్సింది ఒక ఏడాదికి 11,904 యూరోలే, అందులోంచి నెలకు 992 చొప్పున మీ చేతికి వస్తాయి. రెండో ఏడాదిది రెండో ఏడాదే తీసుకుంటే వడ్డీ అంత తగ్గుతుంది.

ఈ ఏడాది ఆగితే లెక్క ఇలా కుదురుతుంది. ఇద్దరూ సంపాదిస్తున్నారు కాబట్టి నెలకు 40,000 పక్కన పెట్టగలరు, ఏడాదికి 4,80,000. ఎఫ్‌డీలో మిగిలిన లక్ష కలిపితే 5,80,000. నెలకు 20,500 చొప్పున రెండేళ్ళ లోటు 4,92,000 అందులోంచి పోతుంది. మిగిలింది ప్రీమియంలకు. మీరు మరిచిపోయిన గ్రాట్యుటీ ఒకటుంది, ఉద్యోగం మానేటప్పుడు సర్వీసుని బట్టి కంపెనీ ఇచ్చే డబ్బు. మీ స్లిప్పులో బేసిక్ 40,000, పదకొండేళ్ళ సర్వీసు, అంటే రెండున్నర లక్షలు పైనే. అది చదువుకి. ఇక విద్యారుణం 23 లక్షలకు మించదు. పార్ట్‌టైమ్ సంపాదనను ఈ లెక్కలో వేయలేదు, మీరూ వేయకండి. జర్మనీలో విద్యార్థికి ఏడాదికి 140 పూర్తి రోజులే అనుమతి, పని దొరకడం వేరే విషయం. ఈ ఏడాది జర్మన్ భాష నేర్చుకోండి, అది పార్ట్‌టైమ్ కంటే ఎక్కువ పనికొస్తుంది.

ఆగడంలో నష్టం లేదని చెప్పను. 45 నిండాక అక్కడ మొదటిసారి ఉద్యోగ పర్మిట్ అడిగేవారికి నిర్ణీత జీతమో, పింఛను ఆధారమో చూపమంటారు. వచ్చే ఏడాది చేరితే 43, 44కి చదువు అయిపోతుంది. అంతకంటే జరపకండి. ఆస్ట్రేలియా ఆలోచన కూడా ఉందన్నారు. అక్కడ 2024 జులై నుంచి మామూలు మాస్టర్స్ తరవాతి వర్క్ వీసాకి వయసు 35 దాటకూడదు. మీకు కుదరదు. యూకే ఒక ఏడాదితో అయిపోతుంది గానీ ఫీజు పోటు ఎక్కువ, మామూలు మాస్టర్స్‌కి కుటుంబాన్ని తీసుకెళ్ళనివ్వరు.

ఇల్లు అలకగానే పండగ కాదంటారు. వీసా వచ్చాక కూడా, అమ్మగారి పాలసీ కాగితం, మీ టర్మ్ పాలసీ కాగితం చేతికి వచ్చేదాకా రాజీనామా మెయిల్ పంపకండి. వెళ్ళే ముందు మీ సేవింగ్స్ ఖాతా ఎన్ఆర్ఓగా (విదేశంలో ఉండేవాళ్ళు ఇక్కడి డబ్బుకి పెట్టుకునే ఖాతా) మార్చుకోండి, షాపు, ఇంటి లోన్ పనులకి మీవారికి పవరాఫ్ అటార్నీ రాసివ్వండి. పాలసీలన్నీ ఒక ఫైలులో పెట్టి, క్లెయిమ్‌కి ఏ నంబరుకి ఫోన్ చేయాలో అట్ట మీద పెద్ద అక్షరాలతో రాయండి. ఒకసారి మీవారి చేత, బాబు చేత ఆ నంబరుకి ఫోన్ చేయించి చూడండి.