ఆర్‌పీఎం డ్రైవర్ ఉబుంటులో ఎక్కుతుందా?

ప్రశ్న: మాస్టారూ, మాది పర్లాకిమిడి. మా కిరాణా కొట్టు కంప్యూటర్‌లో ఉబుంటు ఉంది. కొత్తగా కొన్న బిల్లు ప్రింటర్‌కి కంపెనీవాళ్లు ఆర్‌పీఎం డ్రైవరే ఇచ్చారు. అది ఎక్కడం లేదు. బరంపురంలో అడిగితే విండోస్ వేసుకోమన్నారు. వేరే దారి లేదా?

జవాబు: అలా చెప్పేవాళ్లు మా రాయగడలోనూ ఉన్నారు. ఒక్క ప్రింటర్ కోసం సిస్టమే మార్చేస్తారా ఎవరైనా! ఆర్‌పీఎం ఫెడోరా, రెడ్‌హ్యాట్, సూసే అనే లినక్స్ రకాలకు కట్టిన ప్యాకేజీ. డెబియన్, ఉబుంటు అనే లినక్స్ రకాలకు 'డెబ్' అనే ప్యాకేజీ కావాలి.

ముందు మీ బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ సెట్టింగుల్లో 'ఈఎస్‌సీ పీఓఎస్' అనే ప్రింటర్ కమాండ్ల భాష ఉందేమో చూడండి. చాలా బిల్లు ప్రింటర్లు ఆ కమాండ్లు అర్థం చేసుకుంటాయి. అది కుదిరితే డ్రైవర్ గొడవే ఉండదు.

లేదంటే ఉబుంటులో ప్రోగ్రాములు ఎక్కించే ఆప్ట్ కమాండ్‌తో, ఆర్‌పీఎంని డెబ్‌గా మార్చే 'ఏలియన్' ప్రోగ్రామ్ వేసుకోండి. టెర్మినల్‌లో సుడో ఏలియన్ అని కొట్టి, పక్కన ఆర్‌పీఎం ఫైల్ పేరు ఇస్తే డెబ్ తయారవుతుంది. దాన్ని ఆప్ట్ ఇన్‌స్టాల్‌తో ఎక్కించేటప్పుడు ఫైల్ పేరుకు ముందు చుక్క, స్లాష్ పెట్టాలి. పెట్టకపోతే ఆప్ట్ ఆ పేరు కోసం ఇంటర్నెట్‌లోని ప్యాకేజీల్లో వెతుకుతుంది.

ఎక్కేసింది కదా అని ధీమాగా ఉండకండి, అసలు తంటా ఆ తర్వాతే. ఇన్‌స్టాల్ అయ్యాక నడవాల్సిన స్క్రిప్టులను ఏలియన్ మామూలుగా వదిలేస్తుంది. కాబట్టి ప్రింటింగ్ పని చూసే కప్స్ సర్వీసును మీరే రీస్టార్ట్ చెయ్యాలి. ఇక యూఎస్ఆర్‌లో లిబ్, అందులో కప్స్, అందులో ఫిల్టర్ ఫోల్డర్‌లోకి వెళ్లండి. 'రాస్టర్ టు' అని మొదలయ్యే కొత్త ఫైల్ కనిపించవచ్చు, బిల్లును ప్రింటర్‌కి అర్థమయ్యేలా మార్చే ఫిల్టర్ అదే. దాని మీద ఎల్‌డీడీ నడపండి, దానికి ఏ లైబ్రరీలు (తోడుగా కావాల్సిన ఫైళ్లు) కావాలో చెప్పే కమాండ్ అది. 'నాట్ ఫౌండ్' అని ఏ లైబ్రరీ పక్కన వస్తే అది ఉబుంటు నుంచి తెచ్చుకోవాలి. ఫెడోరాలో ఆ ప్యాకేజీకి ఒక పేరు, ఇక్కడ ఇంకో పేరు ఉండొచ్చు.

డ్రైవర్ పాతదైతే 32 బిట్‌ది కావచ్చు. అప్పుడు ఫైల్ కళ్లెదుటే ఉన్నా, నడిపితే 'నో సచ్ ఫైల్' అంటుంది! నిజానికి దొరకనిది ఆ ఫైల్ కాదు, దాన్ని లోడ్ చేసే 32 బిట్ లోడర్. డీపీకేజీ అనే ప్యాకేజీల కమాండ్‌తో ఐ386 (అంటే 32 బిట్) ఆర్కిటెక్చర్ కలిపి, ఆప్ట్ అప్‌డేట్ చేసి, కప్స్ లైబ్రరీల 32 బిట్ ప్యాకేజీలు వేస్తే పని జరుగుతుంది. ఇంకొకటి, ఫిల్టర్ ఫైల్‌కి ఓనర్ 'రూట్' (సిస్టమ్ అడ్మిన్ ఖాతా) కాకపోతే కప్స్ దాన్ని ముట్టదు.

డ్రైవర్లకు సరే గానీ, జీలిబ్‌సీ, సిస్టమ్‌డీ లాంటి సిస్టమ్ మూల భాగాలు మాత్రం ఏలియన్‌తో మార్చి వేయకండి. కంప్యూటర్ ఆన్ కాకుండా పోయే ప్రమాదం ఉంది.

అప్పటికీ బిల్లు రాకపోతే ప్రింటర్ మోడల్, కప్స్ ఎర్రర్ లాగ్‌లోని చివరి లైన్లు రాసి పంపండి.