జీపీఏ రాసి, వీలునామా పెడితే వెంచర్ పిల్లలకు చేరిపోతుందా?

ప్రశ్న: మాది విజయనగరం. నాకు 64 ఏళ్లు. పెద్దబ్బాయీ నేనూ భాగస్వాములుగా రిజిస్టరైన ఫర్మ్ నడుపుతున్నాం. నెల్లిమర్ల వైపు 6 ఎకరాల గరువులో (మెట్ట భూమిలో) లేఅవుట్ వేశాం. రెరా (స్థిరాస్తి నియంత్రణ చట్టం) నంబరు ఫర్మ్ పేరున ఉంది. అందులో 4 ఎకరాలు మా నాన్నగారి నుంచి వచ్చినవి. 2 ఎకరాలు 2011లో నా పేరున కొన్నాను, సొమ్ము ఫర్మ్ ఖాతా నుంచి ఇచ్చాం. 40 ప్లాట్లకు తెల్లకాగితం మీద రాసుకుని సగం వరకూ అడ్వాన్సులు తీసుకున్నాం. చిన్నబ్బాయి కూడా వ్యాపారంలోకి వస్తానంటున్నాడు. అమ్మాయికి 1998లో పెళ్లయింది, శ్రీకాకుళంలో ఉంటోంది. పసుపు కుంకుమల కింద వేరే ఊళ్లో ఎకరం ఇచ్చాం. పెద్దబ్బాయికి జీపీఏ (నా తరఫున అమ్మే అధికారపత్రం) ఇచ్చి, మిగతాది వీలునామాలో రాసేస్తే నా తర్వాత తగువులు రావు కదా?

జవాబు: వస్తాయండీ. జీపీఏ మీ తర్వాత పనికిరాదు. వీలునామా మీ తర్వాతే పనిచేస్తుంది గాని, మీది కానిదాన్ని అది ఎవరికీ ఇవ్వలేదు. మీ ఆస్తిలో ఏది మీది, ఏది ఉమ్మడిది, ఏది ఫర్మ్‌ది అన్నది ముందు తేలాలి.

జీపీఏ ఇచ్చిన మనిషి పోయిన రోజుతో ఆ అధికారమూ పోతుంది. ఆ ఆస్తిలో ఏజెంటుకు సొంత హక్కు ఉంటేనే మినహాయింపు. కొడుకన్న చుట్టరికం ఆ హక్కు కిందికి రాదు. మీ తర్వాత అబ్బాయి ఆ కాగితంతో సేల్ డీడ్లు రాసిస్తే కొన్నవాళ్లందరి టైటిల్‌కూ ఎసరు వస్తుంది.

అసలు పేచీ 4 ఎకరాల దగ్గర ఉంది. అది నాన్నగారి స్వార్జితమై, ఆయన 1956లో హిందూ వారసత్వ చట్టం వచ్చాక వీలునామా లేకుండా పోయి, మీ వాటాగా వచ్చిందా? అయితే అది మీ సొంతం, మీ పిల్లలకు పుట్టుకతో హక్కు ఉండదు. తాతల నాటి ఉమ్మడి పంపకంలో నాన్నగారికి వచ్చి అలాగే కొనసాగుతున్న భూమి అయితే మీరు, ఇద్దరు కొడుకులు, అమ్మాయి నలుగురికీ సమాన వాటా, తలో ఎకరం. అప్పుడు వీలునామాలో మీరు రాయగలిగింది మీ నాలుగో వంతే. నాన్నగారి నుంచి వచ్చిందంతా పిత్రార్జితమే అనుకుని, అక్కర్లేని చోట సంతకాలు పెట్టించుకునేవాళ్లూ, కావలసిన చోట మానేసేవాళ్లూ ఇద్దరూ ఉన్నారు. కాబట్టి లింకు డాక్యుమెంట్లు (పాత హక్కు పత్రాలు), ఈసీ (రిజిస్టరైన లావాదేవీల జాబితా), 1బి, అడంగల్ అనే రెవెన్యూ రికార్డులు తీయించండి. విజయనగరం చుట్టుపక్కల చాలా ఊళ్లు పాత జమీందారీ ఎస్టేట్ గ్రామాలు. అక్కడ హక్కు మూలం 1948 ఎస్టేట్ల రద్దు చట్టం కింద ఇచ్చిన రైత్వారీ పట్టాలో, సెటిల్‌మెంట్ ఫెయిర్ అడంగల్‌లో ఉంటుంది. వాటిలో ఎవరి పేరు ఉందో చూస్తే సగం సందేహం తీరుతుంది. సర్వే నంబరు 22ఏ నిషేధిత జాబితాలో (రిజిస్ట్రేషన్ కుదరని భూముల జాబితాలో) లేదని కూడా అప్పుడే చూసుకోండి.

భూమి ఉమ్మడిదని తేలితే పెళ్లయిన ఏడాదితో పని లేదు. హిందూ వారసత్వ చట్టానికి మన రాష్ట్రం చేసిన సవరణ ప్రకారం 1985 సెప్టెంబరు 5 నాటికి పెళ్లికాని ఆడపిల్లలకు హక్కు వచ్చింది. 2005 కేంద్ర సవరణ ఆ షరతూ తీసేసింది. పుట్టుకతోనే హక్కని సుప్రీంకోర్టు 2020లో వినీతా శర్మ కేసులో తేల్చింది. పసుపు కుంకుమల ఎకరం ఈ వాటాను చెరపదు. దాన్ని లెక్కలో సర్దుకోవాలంటే ఆ మాట అమ్మాయి సంతకంతో రిజిస్టర్డ్ పత్రంలో ఉండాలి. ఆ ఎకరానికి రిజిస్టర్డ్ దానపత్రం లేకపోతే ముందు అది చేయించండి.

ఆమెను పక్కన పెట్టి ప్లాట్లు అమ్మితే ఏమవుతుందో చూడండి. పార్టిషన్ సూట్ (పంపకం దావా) పడిందంటే, ఆ తర్వాత జరిగిన అమ్మకాలన్నీ డిక్రీకి లోబడే ఉంటాయి. అదీగాక, రెరా చట్టం సెక్షన్ 18 ప్రకారం టైటిల్ లోపం వల్ల కొన్నవాళ్లకు నష్టం వస్తే పరిహారం ప్రమోటరే, అంటే మీ ఫర్మే కట్టాలి. ఆ క్లెయిముకు కాలపరిమితి అడ్డు రాదు.

అమ్మాయితో మాట్లాడి, లేఅవుట్‌లో ఫలానా నంబరు ప్లాట్లు ఆమెవని చూపిస్తూ భాగపంపిణీ పత్రం రిజిస్టర్ చేయించడం నా దృష్టిలో మేలు. ప్రతి సేల్ డీడ్‌కూ ఆమెను శ్రీకాకుళం నుంచి రప్పించి సంతకం పెట్టించడం కన్నా ఇది సులువు. లేఅవుట్ అనుమతి ఇచ్చిన అథారిటీకి తనఖా పెట్టిన ప్లాట్లను, అడ్వాన్సు తీసుకున్న 40 ప్లాట్లను మాత్రం ఆమె భాగంలో వేయకండి. ఆమెకు డబ్బే కావాలంటే మొత్తం చెక్కు ద్వారా ఇచ్చి రిజిస్టర్డ్ రిలీజ్ డీడ్ (హక్కు వదులుకునే పత్రం) తీసుకోండి. స్టాంపు కాగితం మీద "నాకేమీ అక్కర్లేదు" అని రాయించుకుంటే చాలదు.

2 ఎకరాల సంగతి వేరు. సేల్ డీడ్ మీ పేరునే ఉన్నా, సొమ్ము ఫర్మ్‌దై, పుస్తకాల్లో స్టాకుగా చూపితే అది ఫర్మ్ ఆస్తి అన్న వాదన బలంగా నిలుస్తుంది. భాగస్వామి వారసులకు వచ్చేది లెక్కలు తేల్చాక మిగిలే డబ్బులో వాటా, ఫలానా సెంట్లు కావు. "ఈ 2 ఎకరాలు చిన్నవాడికి" అని వీలునామాలో రాస్తే అన్నదమ్ముల మధ్య మీరే చిచ్చు పెట్టినట్టవుతుంది. ఆడిటర్‌ను బ్యాలెన్స్ షీటులో ఆ భూమి ఎక్కడ చూపారో అడగండి.

ఫర్మ్‌లో మీరిద్దరే ఉన్నారు. ఒకరు పోతే మిగిలేది ఒక్కడే, ఒక్కడితో భాగస్వామ్యం ఉండదు. భాగస్వామి చనిపోయినా ఫర్మ్ కొనసాగుతుందన్న క్లాజు డీడ్‌లో ఉన్నా ఇద్దరున్న చోట అది అక్కరకు రాదు. ఇప్పుడే చిన్నబ్బాయిని, ఇష్టముంటే అమ్మాయిని కూడా చేర్చుకుని కొత్త డీడ్ రాసి, ఆ క్లాజు పెట్టి, మార్పును రిజిస్ట్రార్ ఆఫ్ ఫర్మ్స్ దగ్గర నమోదు చేయించండి. భాగస్వామి బాధ్యతకు హద్దు లేదని, ఫర్మ్ అప్పుకు సొంత ఇల్లు కూడా జవాబు చెప్పాల్సి రావచ్చని వాళ్లకు ముందే చెప్పండి. ఎల్‌ఎల్‌పీ (బాధ్యతకు హద్దున్న భాగస్వామ్య సంస్థ) ఆలోచన మంచిదే గాని ఈ వెంచర్ మధ్యలో వద్దు, వచ్చేదానికి పెట్టుకోండి.

భాగస్వాములు మారితే రెరాకు రాసి తెలియజేయండి. ప్రాజెక్టునే పిల్లల కొత్త కంపెనీకి బదలాయించే ఆలోచన ఉంటే, సెక్షన్ 15 కింద కొన్నవాళ్లలో మూడింట రెండు వంతుల మంది అంగీకారం, రెరా అథారిటీ రాతపూర్వక అనుమతి కావాల్సిన పరిస్థితి రావచ్చు. ఒక కుటుంబం ఎన్ని ప్లాట్లు తీసుకున్నా అక్కడ ఒకే ఓటు.

మీరు మామూలుగా చెప్పుకుపోయిన అడ్వాన్సుల మాట నన్ను అన్నిటికన్నా కలవరపెట్టింది. రిజిస్టర్డ్ అగ్రిమెంట్ లేకుండా ధరలో 10 శాతం మించి తీసుకోవడం రెరా చట్టం సెక్షన్ 13 ఉల్లంఘన. వచ్చిన సొమ్ములో 70 శాతం ప్రత్యేక ఖాతాలో ఉండాలి. ఇంజనీరు, ఆర్కిటెక్టు, చార్టర్డ్ అకౌంటెంటు సర్టిఫికెట్లతో, పని జరిగిన మేరకే అందులోంచి తీయాలి. వసూలు చేసింది, అందులో ఖాతాలో వేసింది ఒకే పట్టికగా రాయించి, తేడా ఉంటే ముందు అది పూడ్చండి. తర్వాత 40 మందికీ అగ్రిమెంట్లు రిజిస్టర్ చేయించండి. 4 ఎకరాల్లో పడిన ప్లాట్లకు మాత్రం అమ్మాయి పత్రం రిజిస్టరయ్యేదాకా ఆగండి, లేదా అగ్రిమెంట్‌లో ఆమె సంతకమూ పెట్టించండి.