టెక్ సందేహాలు: లిపులు మూడు, వేళ్ల అలవాటు ఒక్కటే

ప్రశ్న: సార్, మాది ఒడిశాలోని గుణుపురం. డీటీపీ, జిరాక్స్ షాపు నడుపుతున్నాను. అర్జీలు ఒడియాలో, బ్యాంకు కాగితాలు ఇంగ్లీషులో, పెళ్లి శుభలేఖలు తెలుగులో కొట్టాలి. భాష మారినప్పుడల్లా మౌసు పట్టుకుని స్క్రీన్ కింది మూలకు పోవాల్సి వస్తోంది. కీబోర్డు మీదే అయిపోయే దారి ఉందా?

జవాబు: ఉందండీ. షార్ట్‌కట్లు అనగానే అందరూ కంట్రోల్ సి, కంట్రోల్ వి దగ్గర మొదలుపెడతారు. రోజుకు మూడు భాషలు కొట్టే మీలాంటివాళ్లు మాత్రం భాష మార్చే కీ దగ్గరే మొదలుపెట్టాలన్నది నా గట్టి అభిప్రాయం. మీ సమయం ఎక్కువగా పోతున్నది అక్కడే.

విండోస్ కీ నొక్కి ఉంచి స్పేస్ బార్ కొడితే ఒక్కో భాషా వరసగా మారుతుంది. రెండు భాషలుంటే ఇది చాలు. మూడుంటే ఒక్కోసారి రెండుసార్లు కొట్టాలి, ఏది వచ్చిందో చూసుకోవాలి. అందుకని నేరుగా ఒక్కో భాషకూ ఒక్కో కీ పెట్టుకోండి. సెట్టింగ్స్‌లో టైపింగ్ పేజీకి వెళ్లి అడ్వాన్స్‌డ్ కీబోర్డ్ సెట్టింగ్స్, అందులో ఇన్‌పుట్ లాంగ్వేజ్ హాట్ కీస్ తెరవండి. ఎడమ ఆల్ట్, షిఫ్ట్‌లతో కలిపి 1 తెలుగుకు, 2 ఒడియాకు, 3 ఇంగ్లీషుకు ఇచ్చేయండి. అక్కడ కంట్రోల్, షిఫ్ట్ జంట కూడా ఇవ్వొచ్చు కానీ దాని జోలికి పోకండి. ఎక్సెల్‌లో కంట్రోల్ షిఫ్ట్ 1 అంకెల ఫార్మాట్ మార్చే షార్ట్‌కట్, రెండూ ఢీకొంటాయి. అదే పేజీలో ఒక్కో అప్లికేషన్ విండోకు విడిగా ఇన్‌పుట్ పద్ధతి ఉంచుకునే ఆప్షన్ ఉంది, దానికి టిక్ పెట్టండి. వర్డ్‌లో ఒడియా, వాట్సాప్‌లో తెలుగు, బ్రౌజర్‌లో ఇంగ్లీషు పెట్టుకుంటే ఆల్ట్ ట్యాబ్‌తో అటూ ఇటూ తిరిగినా ఎక్కడి భాష అక్కడే ఉంటుంది.

ఇక అసలు సంగతి. మీరు తెలుగు ఏ పద్ధతిలో కొడుతున్నారో రాయలేదు. ఇంగ్లీషు అక్షరాలతో కొట్టే ఫొనెటిక్ కీబోర్డు విండోస్ 10లో 2019 నుంచి తెలుగుకూ ఒడియాకూ కూడా ఉంది. అప్పుడప్పుడూ నాలుగు ముక్కలు రాసుకునేవాళ్లకు అది హాయి. రోజంతా టైపింగే బతుకుతెరువైన మీకు మాత్రం ఇన్‌స్క్రిప్ట్ నేర్చుకోమంటాను. కేంద్ర ప్రభుత్వ ఎలక్ట్రానిక్స్ శాఖ 1986లో ప్రామాణికం చేసిన ఈ అమరికలో భారతీయ లిపులన్నిటికీ అక్షరాల చోటు దాదాపు ఒక్కటే. కె మీద తెలుగులో క, ఒడియాలోనూ క, మరాఠీలోనూ క.

మీ ఊరి పేరే కొట్టి చూడండి. ఐ నొక్కితే గ, జి నొక్కితే కొమ్ము, షిఫ్ట్‌తో సి నొక్కితే ణ, మళ్లీ జి, హెచ్‌తో ప, ఇంకోసారి జి, జె తో ర. తెలుగు పెట్టుకుని కొడితే తెలుగులో గుణుపుర, ఆల్ట్ షిఫ్ట్ 2 నొక్కి అవే కీలు అదే వరసలో కొడితే ఒడియాలో గుణుపుర. తెలుగు రూపం కావాలంటే చివర ఎక్స్ కొట్టి సున్నా పెట్టండి, గుణుపురం అవుతుంది. హ్రస్వ ఎ, ఒ ఒడియాలో లేవు కాబట్టి తెలుగుకు ఆ కీలు మాత్రం అదనంగా నేర్చుకోవాలి. మిగతాది ఒక భాషలో చెయ్యి తిరిగితే రెండోదీ వచ్చేసినట్టే. అక్షరాల స్టిక్కర్లు కొనక్కర్లేదు. విండోస్, కంట్రోల్, ఓ కలిపి నొక్కితే తెర మీద కీబోర్డు వస్తుంది, ఏ కీ మీద ఏ అక్షరం ఉందో చూసుకోవచ్చు.

ప్రశ్న: నేను పర్లాకిమిడిలో ఆన్‌లైన్ ఫారాలు నింపే పని చేస్తున్నాను. జనం లైను పెద్దదైతే చెయ్యి నొప్పెడుతోంది. మౌసు లేకుండా ఫారం నింపొచ్చా?

జవాబు: చాలావరకు నింపొచ్చమ్మా. ట్యాబ్‌తో తర్వాతి గడికి, షిఫ్ట్ ట్యాబ్‌తో వెనకటి గడికి వెళ్తారు. టిక్ పెట్టాలంటే స్పేస్ బార్. జిల్లా, బ్లాకు లాంటి జాబితాలు ఆల్ట్ పట్టుకుని కింది బాణం కొడితే తెరుచుకుంటాయి, లోపల పేరు మొదటి అక్షరాలు గబగబా కొట్టండి. మీ గజపతి, పక్కనున్న గంజాం ఇంగ్లీషులో జి, ఏ తోనే మొదలవుతాయి. జాబితా అక్షర క్రమంలో లేకపోతే రెండక్షరాల దగ్గర ఆపినప్పుడు గంజాం మీద ఆగిపోయే ప్రమాదం ఉంది, మూడో అక్షరం జె కూడా కొట్టాకే ఎంటర్ నొక్కండి. తప్పు జిల్లాతో వెళ్లిన దరఖాస్తు తిరిగొస్తే మళ్లీ బస్సెక్కి రావాల్సింది ఆ పల్లె మనిషే.

చెయ్యి నొప్పి మాత్రం తేలిగ్గా తీసుకోకండి. తగ్గకపోతే డాక్టరుకు చూపించండి.

ప్రశ్న: అన్నా, మాది మహారాష్ట్రల సిరొంచ. ఒకటి కాపీ కొట్టినంక ఇంకోటి కొడితే ముందుది పోతాంది. నాలుగైదు ఒక్కసారే పెట్టుకోరాదా? మల్ల పాత మరాఠీ ఫైల్ నుంచి కాపీ చేస్తే పిచ్చి అక్షరాలొస్తున్నయ్, గదేంది?

జవాబు: రెండోది ముందు చెప్తాను తమ్ముడూ. అది షార్ట్‌కట్ తప్పు కాదు. యూనికోడ్ అంటే ఏ కంప్యూటర్‌లోనైనా ఒక్కో అక్షరానికి ఒకే కోడ్ ఉండే పద్ధతి. అది కాని పాత ఫాంట్లలో కొట్టిన ఫైళ్లలో ఉండేవి నిజానికి ఇంగ్లీషు అక్షరాల కోడ్‌లే, ఫాంటు వాటికి మరాఠీ బొమ్మ తొడుగుతుంది. ఆ ఫాంటు లేనిచోట పేస్ట్ చేస్తే బొమ్మ పోయి కోడ్ బయటపడుతుంది. ఆ ఫాంటుకు సరిపడే కన్వర్టర్‌తో యూనికోడ్‌లోకి మార్చుకున్నాకే కాపీ చెయ్యి. తెలుగులో ‘అను’ అనే పాత ఫాంట్లదీ ఇదే కథ.

మొదటిదానికి విండోస్ కీతో వి నొక్కు. మొదటిసారి ఆన్ చెయ్యమంటుంది. ఆ తర్వాత కాపీ చేసినవి 25 దాకా వరసగా కనిపిస్తాయి, కావాల్సినదాన్ని ఎంచుకోవడమే. రోజూ వాడే అడ్రసు లాంటిదాన్ని పిన్ చేస్తే, అంటే జాబితాలో గుచ్చి ఉంచితే, కంప్యూటర్ రీస్టార్ట్ చేసినా ఉంటుంది.

నలుగురు కూర్చునే కంప్యూటరైతే ఒక్క జాగ్రత్త తప్పనిసరి. ఎవరి ఆధార్ నంబరో, బ్యాంకు ఖాతా నంబరో కాపీ చేశావనుకో, అదీ ఆ జాబితాలోనే ఉంటుంది, తర్వాత కూర్చున్నవాడు విండోస్ వి నొక్కితే చాలు. పని అయిపోగానే ఆ జాబితా తెరిచి క్లియర్ ఆల్ కొట్టు. అది పిన్ చేసినవాటిని వదిలేస్తుంది కాబట్టి ఒకరి నంబరును ఎప్పుడూ పిన్ చెయ్యకు. సీటులోంచి లేచేటప్పుడు విండోస్ ఎల్ నొక్కు, స్క్రీన్ లాక్ అవుతుంది.