శాటిలైట్ చూసి బోరు పాయింట్ పెడతామంటే నమ్మొచ్చా?

"మా పొలంలో నీళ్లెక్కడున్నాయో శాటిలైట్‌తో చెబుతానంటున్నాడు ఒకాయన, నమ్మొచ్చా?" అని అడిగారు. నమ్మకండి. మాది అనంతపురం జిల్లా. మా చిన్నాయన నమ్మాడు.

వచ్చినతను ల్యాప్‌టాప్‌లో రంగురంగుల మ్యాప్ చూపించాడు. నీలం ఉన్నచోట నీళ్లున్నాయని చీనీ (బత్తాయి) తోట మూలన రాయి పాతించి, ఫీజు తీసుకుని వెళ్లిపోయాడు. రాత్రికి బోరు బండి వచ్చింది. టెంకాయ కొట్టి మొదలుపెట్టారు. కేసింగ్ దిగాక లేచిన తెల్లటి రాతిపొడి తెల్లారేదాకా ఆగలేదు. మధ్యలో ఓసారి దుమ్ము కాస్త తడిగా వస్తే చిన్నమ్మ పరుగెత్తి చేత్తో పట్టి చూసింది. కాసేపటికే మళ్లీ పొడి. ఎనిమిది వందల అడుగుల దగ్గర బండి అతను "ఇంకా వేయాలా అన్నా?" అంటే, చిన్నాయన "ఇంకో రాడ్డు వెయ్యి" అన్నాడు. నీళ్లు పడ్డా పడకపోయినా అడుగుకింత అని కట్టాల్సిందే. ఆ ఎండాకాలం తోట పోయింది.

నా కోపమల్లా ఏంటంటే, నేల కింది నీళ్ల లెక్క తేల్చే ఉపగ్రహాలు నిజంగానే ఉన్నాయి. వాటి పేరు ఇలా చెడగొడుతున్నారు. 2002లో నాసా, జర్మనీ కలిసి గ్రేస్ అనే ఉపగ్రహాల జంటను పంపాయి. అవి 2017 దాకా పనిచేశాయి, 2018లో వాటి వారసులు వెళ్లాయి. ఒకదాని వెనక ఒకటి సుమారు 220 కిలోమీటర్ల ఎడంతో తిరుగుతాయి. కింద బరువు ఎక్కువున్నచోట ముందుది కాస్త ముందుకు లాగబడుతుంది, ఎడం మారుతుంది. ఆ మార్పు వెంట్రుక మందం కన్నా తక్కువైనా పట్టేస్తాయి. నెలనెలా ఆ బరువు లెక్కగట్టి, చెరువుల నీళ్లు, మట్టి తేమ తీసేస్తే భూగర్భజలం ఎంత తగ్గిందో తేలుతుంది.

కానీ వాటి చూపు వందల కిలోమీటర్ల మేర. పాత సీమ జిల్లాలు నాలుగూ కలిపితే దాదాపు 67,000 చదరపు కిలోమీటర్లు. గ్రేస్‌కి అదే చిన్న ముక్క, మీ రెండెకరాలు ఎక్కడ కనపడతాయి?

పెద్ద లెక్క మాత్రం గట్టిగా చెబుతాయి. 2002 ఆగస్టు నుంచి 2008 అక్టోబరు దాకా రాజస్థాన్, పంజాబ్, హర్యానాల్లో 109 ఘనపు కిలోమీటర్ల భూగర్భజలం పోయిందని 2009లో తేల్చారు. మన లెక్కలో సుమారు 3,850 టీఎంసీలు. ఇప్పటి శ్రీశైలం నిండితే 215. పైగా ఆ ఏళ్లలో వానలు దాదాపు మామూలుగానే పడ్డాయి. అంటే తోడిందే పోయింది. మన దగ్గరా అంతే అంటాను. కృష్ణాలో నాలుగు టీఎంసీల కోసం రెండు రాష్ట్రాలు కోర్టుకెక్కుతాయి, నేల కింద పోయేదాని మీద ఒక్క నాయకుడూ నోరు విప్పడు. ఉచిత కరెంటు తీసేయమనను, కానీ చెరువులు పూడిపోతుంటే చూస్తూ మోటార్లకు మాత్రం కరెంటిస్తే నీళ్లెక్కణ్నుంచి వస్తాయి?

మన గ్రానైట్ నేలలో నీళ్లుండేది పైనున్న మెత్తరాయిలో, కింది పగుళ్లలో. పగులు తగిలితేనే నీళ్లు. అందుకే భూగర్భజల శాఖ జియాలజిస్టుతో రెసిస్టివిటీ సర్వే (నేలలోకి కరెంటు పంపి, అది ఎంత తేలిగ్గా పోతుందో కొలవడం) చేయించండి, దానికీ గ్యారంటీ లేదు. అంతకన్నా ముందు మీ చుట్టుపక్కల పాత బోర్లలో నీటిమట్టం ఎంతుందో కనుక్కోండి. అవీ ఎండి ఉంటే ఆ డబ్బుతో సేద్యపు కుంట తవ్వించి, డ్రిప్పు వేసుకోండి.