జ్వరం సర్వేకి వచ్చినవాళ్లకి వివరాలు చెప్పాలా?

ఏఎన్ఎం, ఆశా ఇంటికొచ్చి ఎవరికైనా జ్వరమా అని అడిగి పేరూ ఫోన్ నంబరూ రాసుకుంటున్నారు, చెప్తే టెన్షన్ తప్ప మనకి ఒరిగేదేంటి అని అడిగారు కదా. చెప్పండి. నేను ఒకసారి చెప్పలేదు, అందుకే ఇంత గట్టిగా అంటున్నాను.

మాది విశాఖలో కంచరపాలెం వైపు, గోడకి గోడ ఆనుకుని ఇళ్లుండే సందు. రెండేళ్ల కిందట వానల్లో మా బాబుకి జ్వరం వస్తే దగ్గర్లోని ఒక క్లినిక్‌లో కార్డు టెస్టు చేసి డెంగీ అన్నారు, మందులు రాసిచ్చారు. వాళ్లు ఎక్కడా నమోదు చేయలేదని తర్వాత తెలిసింది. మర్నాడు ఆశా వచ్చి తలుపు కొడితే 'అందరం బాగానే ఉన్నామమ్మా' అని పంపేశాను, బాబేమో లోపలి గదిలో దుప్పటి కప్పుకుని మూలుగుతున్నాడు. సందులో వాళ్లు ఏమనుకుంటారో అన్న భయం, అంతే. మూడు వారాలు తిరిగేసరికి ఎదురింటి మామ్మగారికీ, మూలింట్లో ఇద్దరు పిల్లలకీ జ్వరాలు. మామ్మగారైతే ప్లేట్‌లెట్లు పడిపోయి ఐదు రోజులు ఆసుపత్రిలో ఉన్నారు. మా ఇంటి నుంచే వెళ్లిందని తేల్చి చెప్పలేను గానీ ఆ బాధ నాకు ఇంకా పోలేదు.

మూలింటివాళ్లు చెప్పాకే సందులోకి మనుషులు వచ్చారు. ఏఎన్ఎం చేతిలో గళ్ల కాగితం: పేరు, వయసు, ఇంటి నంబరు, జ్వరం మొదలైన తేదీ. ఆ తేదీ కోసం నన్ను మూడుసార్లు అడిగింది, ఆదివారమా సోమవారమా సరిగ్గా గుర్తు చేసుకోండి అని. నాకు విసుగొచ్చింది. అదెందుకో ఆమే చెప్పింది. జ్వరం ఉన్న మొదటి నాలుగైదు రోజుల్లో రోగిని కుట్టిన దోమకి వైరస్ ఎక్కుతుంది, దాని ఒంట్లో అది పెరగడానికి 8 నుంచి 12 రోజులు పడుతుంది, ఆ తర్వాత అది ఎవరిని కుడితే వాళ్లకి 4 నుంచి 10 రోజుల్లో జ్వరం. డెంగీని మోసే ఈ ఏడీస్ దోమ పెద్దగా దూరం ఎగరదు కాబట్టి తేదీలూ ఇంటి నంబర్లూ పక్కపక్కన పెడితే ఎక్కడ వెతకాలో తెలిసిపోతుంది. ఏ టెస్టు చేయాలన్నదీ తేదీని బట్టే: మొదటి ఐదు రోజులైతే రక్తంలో వైరస్ ప్రొటీన్‌ని పట్టే ఎన్ఎస్1, ఆ తర్వాత ఒంట్లో తయారయ్యే యాంటీబాడీలను చూసే ఐజీఎం, అదీ ఎలీసా అనే ల్యాబ్ పరీక్షలో వస్తేనే ఖాయం, కార్డు టెస్టు ఒక్కటే చాలదు.

వెతికితే దొరికింది మా ఇంట్లోనే. ఫ్రిజ్ వెనక ట్రే లాగి టార్చి వేశారు. గోరంత లోతు నీళ్లలో సన్నటి పురుగులు, అంటే దోమ పిల్లలు, తలకిందులుగా వేలాడుతున్నాయి, వెలుగు పడగానే గిలగిలా అడుక్కి దిగిపోయాయి. డ్రమ్ముల మీద మూతలు పెట్టుకునే మేము ఆ ట్రే సంగతే మర్చిపోయాం. గుడ్డు నుంచి దోమ కావడానికి వారం పది రోజులు, శుక్రవారం డ్రైడే, నిలవ నీళ్లన్నీ పారబోసి ఆరబెట్టండి అని మొత్తుకునేది అందుకే. పొగ కొడితే ఎగిరే దోమలే చస్తాయి, ఈ పురుగులకి ఏమీ కాదు.

మీరు చెప్పింది ఆ కాగితం మీదే ఉండిపోదు. 2004లో ఐడీఎస్‌పీ అని దేశంలో మొదలైన రోగాల నిఘా కార్యక్రమం 2021 నుంచి ఐహెచ్ఐపీ అనే ఆన్‌లైన్ వ్యవస్థలోకి మారింది, ఆరోగ్య కార్యకర్త ఎస్ ఫారం, డాక్టర్ పి ఫారం, ల్యాబ్ ఎల్ ఫారం నింపుతారు. ఒక చోట మామూలుకంటే ఎక్కువ జ్వరాలు కనబడితే అక్కడికి మనుషుల్ని పంపుతారు. క్లినిక్ నమోదు చేయకపోతే, మనమూ దాచేస్తే, మా సందులో జ్వరమే లేనట్టు లెక్క. పేరు బయటపడుతుందని నాలాగే భయపడుతున్నట్టున్నారు, మా గుమ్మానికి మాత్రం ఎవరూ ఏమీ అంటించలేదు, పక్కింట్లో మా గురించి చెప్పనూ లేదు.

ప్రైవేటులో టెస్టు చేయించి ఉంటే ఆ రిపోర్టు ఫోటో తీసి ఏఎన్ఎంకి చూపించండి. జ్వరం ఉన్నవాళ్లకి పగలు కూడా దోమతెర కట్టండి, ఈ దోమ కుట్టేది ఎక్కువగా పగలే.